ఖాళీ జాగా ఎక్కడున్నది?

రెండేళ్ల కింద ఒక ఆదివారం మా మేనల్లుడు ఫోన్ చేసి, "మామా, జహీరాబాద్ దిక్కు ఒక వెంచర్ ఉందట, చూసొద్దాం రా" అన్నాడు. హైదరాబాద్‌లో ఉద్యోగం. చేతిలో కొంత పొదుపు. బిడ్డ పేరు మీద రెండు వందల గజాలు ఉంటే రేపు అక్కరకొస్తుందని ఆశ. ఆ ఆశలో తప్పేమీ లేదు. మన ఇండ్లల్లో నాలుగు డబ్బులు కూడితే ముందుగా గుర్తొచ్చేది భూమే. ముంబై హైవే ఎక్కి, సంగారెడ్డి, సదాశివపేట దాటి, ఎర్రమట్టి కనిపించేదాకా పోయినం.

భాద్రపదం రోజులు. మొగులు పట్టి ఉంది. హైవే దిగి మట్టిబాట పట్టి పోతే, విశాలమైన చేను, దాంట్లో వరసగా తెల్లసున్నం వేసిన హద్దురాళ్లు. వెంచర్ తరఫున వచ్చిన పిల్లవాడు ఓపికగా అన్నీ చూపించాడు. నలభై అడుగుల రోడ్డు ఇటు, ముప్పై అడుగుల రోడ్డు అటు. చివరికి చేయి గుండ్రంగా తిప్పి, "మొత్తం ఖాళీ జాగా సార్, ఏ గొడవా లేదు" అన్నాడు.

ఆ ఖాళీ జాగాలో రాళ్ల నడుమ ఇద్దరు ఆడవాళ్లు వంగి ఏదో ఏరుతున్నారు. కొంగులో కూర ఉంది. జొన్నచెంచలి, తుమ్మికూర, దొగ్గలి. పెద్దామె మా మాట విన్నది. నడుము ఎత్తి, "ఖాళీ యాడున్నది బిడ్డా? నిరుడు ఇండ్లనే కంది ఏసినం, జొన్న ఏసినం" అని మళ్లీ వంగింది.

ఆ మాట నన్ను వదల్లేదు. ఈ పూట మీతో మాట్లాడదామనుకున్నది దాని గురించే.

భూమికి మనం కొన్ని పేర్లు పెట్టుకున్నాం. ఖాళీ అంటాం. బీడు అంటాం. బంజరు అంటాం. రెవెన్యూ కాగితాల్లో ఇంకో మాట ఉంది, ఖరాబు. ఒక సర్వే నంబరులో వాగు పారే చోటు, బండలున్న చోటు, బాట పోయే చోటు, సాగుకు రాదు కాబట్టి పన్ను లెక్కలోంచి తీసేసి పోట్ ఖరాబు అని రాశారు. నీళ్లు పారే తావునే చెడిపోయిన భూమి కింద జమకట్టిన మాట అది. నిజాం కాలపు పన్ను లెక్కకు ఆ మాట సరిపోయిందేమో. ఆ వాగు మీద ఇల్లు కట్టుకునేవాడికి మాత్రం సరిపోదు. ఇట్లాంటి పేరు పడిన భూమికి ఏం చేసినా అడిగేవాడు ఉండడు.

జహీరాబాద్‌లో ఈ పేర్ల సంగతి మరీ స్పష్టంగా కనబడుతుంది. ఆ నేల పేరుకు పేద నేల. చాలా చోట్ల మొరం, లేటరైట్ అనే రంధ్రాల ఎర్రరాయి, పైన జానెడో మూరెడో మట్టి. 1980లలో అక్కడి దళిత ఆడవాళ్ల కుటుంబాలకు భూమి ఉన్నా ఇట్లాంటిదే. సర్కారు ఇచ్చిన రాళ్ల చెలక ఎకరమో రెండెకరాలో. దున్నడానికి ఎడ్లు లేవు, వేయడానికి ఎరువు లేదు, విత్తడానికి గింజ లేదు. బీడుగా పడి ఉన్నాయి. 1983లో పి.వి. సతీశ్, ఆయన మిత్రులు కలిసి మొదలుపెట్టిన డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ పస్తాపూర్ కేంద్రంగా ఈ ఆడవాళ్లతో ఊరూరా సంఘాలు కట్టింది. సంఘం ఆడవాళ్లు రాళ్లేరి ఒడ్లు పోశారు. చెరువుల పూడిక, పశువుల పెంట తోలారు. జొన్న, కొర్ర, సామ, తైద, సజ్జ, కంది, పెసర, అనుములు, పుంటికూర, ఒకే చేన్లో పదిహేను ఇరవై రకాలు కలిపి వేశారు. యాసంగిలో తడి పెట్టకుండా మంచుకూ నల్లరేగడిలోని చెమ్మకూ పండే పంటలకు ఆ ప్రాంతంలో సత్యం పంటలని పేరు. ఎంత మంచి పేరు!

ఇంకొక పని చేశారు. నా మాటకు అదే ముఖ్యం కాబట్టి దాని దగ్గర కొంచెం ఆగుతాను. 1990లలో కేంద్ర గ్రామీణాభివృద్ధి శాఖ సాయంతో ఒక ఏర్పాటు నడిపారు. ఊళ్లో ఎవరి భూమి బీడు పడి ఉందో సంఘం కూర్చొని గుర్తించేది. వాళ్లకు దున్నకానికి, ఎరువుకు, విత్తనానికి సాయం ఇచ్చేది. ఆ బాకీని రైతు రూపాయల్లో కాక జొన్నల్లో, కొన్నేళ్లపాటు ఏటా ఇంత అని తీర్చేవాడు. ఆ జొన్నలు ఊళ్లోనే నిల్వచేసి, కరువు నెలల్లో పేద ఇండ్లకు తక్కువ ధరకు ఇచ్చేవారు. ఎవరు ఎంత పేదవాళ్లో నేల మీద ముగ్గేసి ఊరివాళ్లే తేల్చేవారు. ముప్పైకి పైగా ఊళ్లల్లో రెండున్నర వేల ఎకరాలకు పైగా బీడు ఇట్లా చేనయింది. ఊరిదే అయిన రేషన్ దుకాణం, అదీ ఊరి గింజలతో.

2008లో మాచ్‌నూరులో సంఘం రేడియో మొదలైంది. 90.4 మీద ఆ ఆడవాళ్ల గొంతే వినిపిస్తుంది. 2019లో ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం వాళ్లకు ఈక్వేటర్ బహుమతి ఇచ్చింది. సతీశ్ గారు 2023 మార్చిలో పోయారు. ఏటా సంక్రాంతికి ఎడ్లబండ్ల మీద విత్తనాలు పెట్టుకొని ఊరూరా తిరిగే పాత పంటల జాతర మాత్రం ఆ గడ్డకు గుర్తుగా నిలిచింది.

సాగుకు పనికిరాదని ఊరూ సర్కారూ కలిసి తేల్చిన నేల మీద జరిగింది ఇదంతా. ఇప్పుడు రెండో కథ వినండి.

2011లో కేంద్ర ప్రభుత్వం జాతీయ తయారీ విధానం ప్రకటించింది. దాని కింద నిమ్జ్ అనే పెద్ద పెద్ద పారిశ్రామిక మండళ్లు పెట్టాలన్నారు. ఒక్కో దానికి కనీసం 5,000 హెక్టార్లు కావాలి. భూమి ఎంపికలో సాగుకు పనికిరాని బీడు భూములకు మొదటి చోటు ఇవ్వాలని ఆ విధానమే చెప్పింది. మాట మంచిదే. అట్లా జహీరాబాద్ దగ్గర న్యాల్‌కల్, ఝరాసంగం మండలాల్లోని 17 ఊళ్లల్లో 12,635 ఎకరాలకు నిమ్జ్ గుర్తు పడింది. 2016లో తుది ఆమోదం వచ్చింది. సంఘం చేన్లు, సత్యం పంటలు, మాచ్‌నూరు రేడియో ఉన్న ఝరాసంగం మండలం అదే. కాగితం మీద బీడు అన్న మాట ఎంత దూరం పోతుందో చూడండి.

భూమి ఉన్నవాళ్లకు పరిహారం వస్తుంది, అది తక్కువా ఎక్కువా అన్న తగాదా వేరు. భూమి లేక, ఆ చేన్లలో కలుపు తీసి, కూర ఏరుకొని బతికేవాళ్ల సంగతేంటి? ఈ ప్రశ్నతోనే ఇక్కడి వ్యవసాయ కూలీలు ఉమ్మడి హైకోర్టు మెట్లెక్కారు. రైతుల దగ్గర నేరుగా భూమి కొనడానికి రాష్ట్ర ప్రభుత్వం తెచ్చిన 123వ నంబరు జీవోను 2016 ఆగస్టులో ఏకసభ్య ధర్మాసనం కొట్టివేసింది. అప్పీళ్లు, కొత్త జీవోలు ఆ తర్వాత చాలా నడిచాయి. అయినా సొంతానికి గుంట భూమి లేని కూలి మనిషి, ఈ భూమిలో నా బతుకూ ఉందని కోర్టులో చెప్పగలిగింది. భూయాజమాన్యం గురించి మాట్లాడేవాళ్లందరూ ఈ సంగతి గుర్తుంచుకోవాలని నా కోరిక.

2024 ఆగస్టు 28న కేంద్ర మంత్రివర్గం దేశంలో 12 పారిశ్రామిక నగరాలను ఆమోదించింది. జహీరాబాద్ వాటిలో ఒకటి. హైదరాబాద్ నాగ్‌పూర్ కారిడార్‌లో 3,245 ఎకరాలు, 2,361 కోట్ల రూపాయల పని. వీటిని గ్రీన్‌ఫీల్డ్ నగరాలన్నారు. ఆ మాటకు అసలు అర్థం పచ్చని పొలమని మర్చిపోవద్దు. పరిశ్రమలు వద్దని నేను అనను. ఆ ఊళ్ల పిల్లలకు ఉద్యోగాలు కావాలి. ట్రాక్టర్ల ఫ్యాక్టరీ వచ్చిన నాటి నుంచి జహీరాబాద్‌కు పరిశ్రమ కొత్త కాదు. అయితే ఒక పరిశ్రమ మాట వినిపించగానే దాని చుట్టూ పది మైళ్ల దాకా వెంచర్లు మొలుస్తాయి. ఫ్యాక్టరీకి అనుమతులుంటాయి, విచారణలుంటాయి. గుంటల లెక్కన అమ్మే ఫామ్ ప్లాటుకు ఎవరు విచారణ పెడతారు?

ఇప్పుడు నీళ్ల లెక్క చూద్దాం. కష్టమైన లెక్కేం కాదు. ఆ ప్రాంతంలో ఏడాదికి 800 మిల్లీమీటర్ల వాన అనుకోండి. ఎకరం మీద పడే నీళ్లు దాదాపు 32 లక్షల లీటర్లు. మా మేనల్లుడు చూసిన రెండు వందల గజాల మీద లక్షా ముప్పై వేల లీటర్లు. నిమ్జ్ గుర్తు పడిన మొత్తం భూమి మీదైతే సుమారు 1.4 టీఎంసీలు. చేనుగా ఉన్నప్పుడు ఈ నీళ్లలో మంచి భాగం రంధ్రాల ఎర్రరాయిలోకి దిగుతుంది. లేటరైట్ గుణమే అది. పైన పడ్డ వానను మెల్లగా తాగుతుంది, కింద గట్టిరాయి అడ్డం రాగానే పక్కకు నడిపించి అంచున ఊటగా బయటపెడుతుంది. జహీరాబాద్‌కు గంట దూరంలో ఉన్న బీదర్‌లో గురునానక్ ఝీరా అట్లా పుట్టిన ఊటే. 15వ శతాబ్దిలో బహమనీ సుల్తానుల కాలంలో అదే రాయిలో సొరంగాలు తొలిచి, ఊటనీళ్లను కోటకు నడిపారు. దాన్ని కరేజ్ అంటారు. పైకి ఎండిన మెట్టలా ఉన్న నేల కడుపులో నీళ్లున్నాయని వాళ్లకు ఆరు వందల ఏండ్ల కిందే తెలుసు.

వెంచర్ ఈ నేలకు ఏం చేస్తుంది? ముందు ఎత్తుపల్లాలు చదును చేస్తుంది. ఒడ్లు పోతాయి. చిన్న ఒర్రె ఉంటే మొరంతో నింపేస్తారు. ఆ మొరం ఇంకో గుట్టను తవ్వి తెచ్చింది. పైమట్టి, ఏండ్ల తరబడి పెంటతో తయారైన మట్టి, మొరం కిందికి పోతుంది. రోలర్ తిప్పి రోడ్డు వేస్తారు. చెట్లలో రోడ్డుకు అడ్డం రానివే మిగులుతాయి. గేటు దగ్గర ఈత చెట్లలాంటివేవో నాటి, పేరులో గ్రీన్ అని చేరుస్తారు. దిగాల్సిన వాన దిగదు, పారుతుంది. ఒక ప్లాటు నుంచి పక్క ప్లాటుకు, అక్కడి నుంచి రోడ్డుకు, రోడ్డు నుంచి దిగువన ఉన్న ఊరికి. ఎండాకాలం వచ్చేసరికి ప్రతి ప్లాటుకూ ఒక బోరు కావాలి.

ఆ తర్వాత జరిగేది నన్ను ఎక్కువ బాధపెడుతుంది. రిజిస్ట్రేషన్లు అయిపోతాయి, కొన్నవాళ్లు వాళ్ల వాళ్ల ఊళ్లకు పోతారు. పదేళ్లు, పదిహేనేళ్లు అక్కడ ఇల్లు లేవదు. కట్టుకోవడానికి కొన్నవాళ్లు తక్కువ, రేటు కోసం కొన్నవాళ్లు ఎక్కువ. హద్దురాళ్ల నడుమ సర్కారు తుమ్మ మొలుస్తుంది. చేను పోయింది, ఇల్లు రాలేదు. సంఘం ఆడవాళ్లు బీడును చేనుగా మార్చారని చెప్పుకున్నాం. వెంచర్ చేస్తున్నది సరిగ్గా ఉల్టా పని, చేనును బీడుగా మార్చడం. తెలంగాణలో ఈ రోజు బీడు భూమి తయారవుతున్నది ఎక్కువగా ఇట్లానే అని నా అభిప్రాయం.

చట్టాలు లేవా అంటే ఉన్నాయి. నీరు, భూమి, చెట్ల రక్షణకు 2002లో వాల్టా చట్టం వచ్చింది. చెట్టు కొట్టాలంటే అనుమతి కావాలి. 2012 నాటి భవన నియమాల ప్రకారం పెద్ద చెరువుకు పూర్తి నీటిమట్టం గీత నుంచి 30 మీటర్ల దాకా ఏమీ కట్టరాదు, పది హెక్టార్ల లోపు చెరువుకు 9 మీటర్లు. 2016 రెరా చట్టం కింద 500 చదరపు మీటర్లు దాటిన వెంచర్ రిజిస్టరు కాకుండా ప్రకటన ఇవ్వడమే నేరం. లేఅవుట్‌లో పదో వంతు ఖాళీ స్థలం వదిలి పంచాయతీకో మున్సిపాలిటీకో రాసివ్వాలి.

ఆ పదో వంతు సంగతే తీసుకోండి. వదలని వెంచర్లు వేలకు వేలు. 2020లో లేఅవుట్ల క్రమబద్ధీకరణ పథకం వచ్చినప్పుడు 25 లక్షలకు పైగా దరఖాస్తులు పడ్డాయి. ఖాళీ స్థలం వదలని లేఅవుట్‌లో ప్లాటు కొన్నవాడు ప్లాటు విలువలో 14 శాతం కట్టాలి. మోసపోయిన కొనుగోలుదారుకు దారి చూపడం అవసరమే, కాదనను. అయితే ఆ డబ్బుతో అక్కడ పార్కు పుట్టదు. అందరికీ చెందాల్సిన నేల అప్పటికే గజాల్లో అమ్ముడుపోయింది. వాన దిగే చోటు కోసం కట్టిన రుసుము ఖజానాలోకి దిగింది. ఇంగ్లండ్‌లో 2024 నుంచి ఇంకో రకంగా చేస్తున్నారు. చాలావరకు కొత్త నిర్మాణాల్లో కట్టేవాడు అంతకుముందు ఆ నేలలో ఉన్న జీవవైవిధ్యం కంటే పది శాతం ఎక్కువ తెచ్చి చూపాలి, దాన్ని ముప్పై ఏండ్లు కాపాడాలి. అక్కడా గొడవలున్నాయి. కానీ ఆ లెక్క మొదలు కావాలంటే ముందు ఒక పని తప్పదు. ఇక్కడ ఏమేం ఉన్నాయని చూసి రాయాలి. ఖాళీ జాగా అని చేయి తిప్పడానికి వీల్లేదు.

మన దగ్గర అట్లాంటి పత్రం లేకపోయినా, తెలుసుకునే దారి ఒకటుంది. ఊళ్లో ప్రతి చేనుకూ ఒక పేరుంటుంది. సర్వే నంబరు కాదు, పేరు. ఒర్రె చేను, కుంట కింది చేను, చింతల చేను, వాగొడ్డు చేను. ఆ పేరులో నీళ్లుంటాయి, చెట్లుంటాయి. ఆ రోజు మేము తిరిగి వచ్చేటప్పుడు ఊళ్లో చాయ్ కోసం ఆగినం. అరుగు మీద కూర్చున్న పెద్దాయనను ఆ వెంచర్ ఏ చేన్లో పడిందని మా మేనల్లుడు అడిగాడు. "అది ఒర్రె చేను గదా" అన్నాడాయన. మళ్లీ వెనక్కి పోయి చూసినం. ఆ పొద్దున పడిన కొద్దిపాటి వానకే నాలుగో వరస ప్లాట్ల మీదుగా నీళ్లు మెల్లగా పోతున్నాయి. నింపిన ఒర్రె తన బాట మర్చిపోలేదు. కాగితాలన్నీ సరిగానే ఉన్నా మా మేనల్లుడు ఆ ప్లాటు కొనలేదు.

అందుకని భూమి కొనాలనుకునే వాళ్లకు నా విన్నపం. ఎండాకాలంలో పోయి చూడకండి. ఆషాఢ శ్రావణాల్లో, వాన వెలిసిన గంటకు పొండి. గ్రామ నక్షాలో ఆ సర్వే నంబరు పక్కన శిఖం, అంటే చెరువు నేల, ఉందా, వాగు గీత ఉందా చూడండి. చేను పేరు అడగండి. ఇక్కడ పడ్డ వాన ఎటు పోతుందని వెంచర్ వాళ్లను అడగండి. పదిమంది అడిగితే పదకొండో వెంచర్‌లో ఒర్రెను ఒర్రెగా వదులుతారు, కొనేవాడి మాటకున్న బలం అది. వెంచర్ వేసేవాళ్లలోనూ మన ఊళ్ల పిల్లలే ఎక్కువ. వాళ్లతోనూ ఒక మాట. పైమట్టి తీసి పక్కన కుప్ప పోయండి, పార్కులో వేయండి. నేల వాలును బట్టి రోడ్డు గీయండి. ఉన్న వేపను, చింతను లెక్కేసుకొని ప్లాన్ గీయించండి. ఇవి ఖర్చు పనులు కావు, ఓపిక పనులు.

ఇప్పటికే ప్లాటు ఉండి, ఇల్లు కట్టడానికి ఇంకా పదేళ్లు పట్టేవాళ్లు లక్షల మంది ఉన్నారు. మీతోనే నాకు ఎక్కువ పని. మీ సంక్షేమ సంఘం సమావేశంలో ఒక్క తీర్మానం పెట్టండి. కట్టని ప్లాట్లన్నీ కలిపి ఆ ఊరి ఆడవాళ్ల సంఘానికి ఏడాదికి ఇంత అని రాతమూలకంగా కౌలుకివ్వండి. కౌలు గింజల్లో తీసుకోండి. కాగితం మీద ఒక పంటకాలం గడువు రాసుకుంటే మీ హక్కు గురించిన భయం కొంత తగ్గుతుంది. తుమ్మ పీకించే ఖర్చు తప్పుతుంది, కాపలా తప్పుతుంది, వాన భూమిలోకి దిగుతుంది. బీడును ఎట్లా చేను చేయాలో, బాకీ జొన్నల్లో ఎట్లా కొలవాలో ముప్పై ఏండ్ల కిందే జహీరాబాద్ ఆడవాళ్లు చేసి చూపించారు. కొత్తగా కనిపెట్టాల్సింది ఏమీ లేదు.

వచ్చే మృగశిరకు మీ హద్దురాళ్ల నడుమ కంది వేస్తారా అని ఆ ఊళ్లో అడగండి. విత్తనం వాళ్ల దగ్గర ఉంది.